రేవులో గంట లేని రోజు

లైబ్రేరియన్‌గారు మెట్లెక్కి డిటెక్టివ్ ఆఫీసులోకి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిసంచీని గుండెకి అదుముకుని నిలబడింది.

"దొంగని పట్టుకోమని రాలేదండీ. ఆ పదకొండు కాగితాలు దొరికితే చాలు. రేపు పదింటికల్లా ప్రెస్సుకి ఇవ్వకపోతే, ఒక మనిషి ఈ జన్మలో మళ్ళీ కలం పట్టదు."

బల్లకి ఇవతల ఇద్దరున్నారు. ఒకరు డిటెక్టివ్‌గారు. ఇరవై ఏళ్ళు కోర్టులో స్టెనోగ్రాఫర్‌గా పనిచేసి, జనం చెప్పే అబద్ధాలు రాసీ రాసీ విసుగెత్తి, ఆఖరికి వాటి వెనక ఏముందో చూద్దామని ఈ ఆఫీసు తెరిచిన మనిషి. రెండోవాడు ఆవిడ మరిది. బీమా కంపెనీలో గుమాస్తాగిరీ వదిలేసి వదిన దగ్గర చేరాడు. అతనికి వదిన తెలివి మీద కొండంత నమ్మకం. తన తెలివి మీద కూడా తక్కువేం లేదు, వచ్చిన చిక్కల్లా ఆ రెండోదానితోనే. అతను నోటుబుక్కు తెరిచి పెన్సిలు చెక్కుకున్నాడు. వదిన నీళ్ళ గ్లాసు ముందుకు జరిపి, మొదట్నుంచీ చెప్పమంది.

లైబ్రేరియన్‌గారు ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఎనిమిది నెలల కిందట, మరో నలుగురితో కలిసి ఒక ప్రేమకథల పుస్తకం తలపెట్టింది. నలుగురూ తలో కథ రాయాలి, ఆవిడ సంపాదకురాలు. కథలన్నీ ఒకే చోట, లాంచీలు ఆగే ఒక చిన్న రేవులో, ఒకే రోజున జరగాలి. అలాంటి రేవు ఎక్కడా లేదు, వీళ్ళే కూర్చుని కట్టుకున్నారు. ఒకరి కథలో విశ్రాంతి గదికి పచ్చ తలుపుంటే అందరి కథల్లోనూ పచ్చదే ఉండాలి. అందుకని 'రేవు పుస్తకం' అని ఒక నోటుబుక్కు పెట్టారు. ఎవరు కొత్త వస్తువు పెట్టినా అందులో ఎక్కించాలి, ఎక్కించింది అందరూ పాటించాలి. అయితే ఒకరి కథ ఒకరు చదవకూడదు. పుస్తకం అచ్చయ్యేదాకా లైబ్రేరియన్‌గారు కూడా ఎవరి దగ్గరా నోరు విప్పకూడదు.

రాసేవాళ్ళలో ఒకరు రిటైరైన లెక్చరర్, ఒకరు నర్సమ్మ, ఒకరు మందుల షాపాయన. నాలుగో ఆవిడ టైలరమ్మ. ఆమెకిదే మొదటి కథ. ఎనిమిది నెలలు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, అందరికన్నా ఆఖరున శనివారం సాయంత్రం తెచ్చి ఇచ్చింది. చేత్తో రాసిన ప్రతి అదొక్కటే.

"పదకొండు పేజీలే ఇచ్చింది. పన్నెండోది, ఆఖరిది, ఇంకా మనసు కుదరలేదు, తర్వాత ఇస్తానంది. ఆ రాత్రే చదివాను. పొద్దున, మేమందరం కలుసుకునే చదువుల గదిలో సొరుగులో పెట్టి తాళం వేశాను. సోమవారం చూస్తే లేదు."

ఆదివారం మిగతా ముగ్గురూ తమ కథల ప్రూఫులు తీసుకోవడానికి వేరువేరు వేళల్లో వచ్చారు. ప్రూఫులు పక్కగదిలోంచి తేవడానికి వెళ్ళినప్పుడల్లా ఆవిడ ఒక్కొక్కరినీ కాసేపు ఒంటరిగా వదిలింది. తాళంచెవి క్యాలెండరు వెనక మేకుకి ఉంటుందని అందరికీ తెలుసు. టైలరమ్మ మాత్రం ఆ రోజు రాలేదు. మంగళవారం ముగ్గురూ ప్రూఫులు దిద్ది తిరిగిచ్చారు. ఆవిడకి వాటిని విప్పి చూసే ఓపిక కూడా లేకపోయింది.

"టైలరమ్మకి చెప్పారా?" అని వదిన అడిగింది.

"చెప్పాను. నమ్మలేదు. తనకి చదువు లేదని మేమే పక్కన పారేసి దొంగతనమంటున్నామనుకుంటోంది." లైబ్రేరియన్‌గారి కళ్ళు నిండాయి. "నలభై ఏళ్ళు పుస్తకాలు కాపలా కాశాను. ఒక్కటి పోలేదు. ఇప్పుడు ఈ పదకొండు కాగితాలు కాయలేకపోయాను."

కథ ఏమిటని వదిన అడిగితే, నియమం గుర్తొచ్చి ఆవిడ వెళ్ళి తలుపు మూసి వచ్చింది. తర్వాత చెప్పింది. రేవులో ఒక కుట్టుపని దుకాణం ఉంటుంది. ఒకాయన వారం వారం లాంచీ దిగి, గుండీ ఊడిన చొక్కా తెచ్చి ఇస్తాడు. మళ్ళీ ఆఖరి లాంచీకి వెళ్ళిపోతాడు. కథ జరిగే రోజున రేవు గంట బీటలు తీసిందని మధ్యాహ్నమే బాగుచేయడానికి పట్టుకుపోతారు. గంట మోగకపోవడంతో ఆయన మాటల్లో పడి లాంచీ అందుకోలేకపోతాడు. చీకటి పడుతుంటే ఆవిడ చొక్కా ఆయన ముందు పరిచి, "ఈ దారాలు తెగినవి కావండీ, కోసినవి," అంటుంది. పదకొండో పేజీ అక్కడితో అయిపోతుంది.

మరిది రాయడం ఆపి తల ఎత్తాడు. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని అతనికి దొంగ సంగతికన్నా ఎక్కువ ఆత్రంగా ఉంది.

* * *

ముందు చదువుల గదికి వెళ్ళారు. సొరుగు తాళానికి గీత కూడా పడలేదు. వదిన దాన్ని ఒక్కసారి చూసి వదిలేసి, రేవు పుస్తకం మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేసింది. పచ్చ తలుపు, కాలు విరిగిన బెంచీ, ఇత్తడి గంట, టిక్కెట్ల కిటికీ దగ్గర నిద్రపోయే కుక్క, అన్నీ ఉన్నాయి. ఏ దీపం ఏ రంగో తప్పు రాసినచోటల్లా ఎర్రసిరాతో దిద్దుబాటు ఉంది. అవన్నీ మందుల షాపాయన దిద్దినవేనని లైబ్రేరియన్‌గారు చెప్పింది. రేవులో ఒక్క రాయి అటూ ఇటూ అయినా ఆయనకి నిద్రపట్టదట.

తర్వాత ప్రూఫులు. లెక్చరర్‌గారు ప్రతి పేజీలోనూ విశేషణాలు తగ్గించడానికి బదులు పెంచారు. నర్సమ్మ తన కథలో జ్వరం ఎన్ని రోజులుండాలో సరిచేసింది. మందుల షాపాయన ప్రూఫు శుభ్రంగా ఉంది, ఒక్కచోట తప్ప. 'ఆఖరి లాంచీకి గంట మోగింది' అన్నది కొట్టేసి, పైన 'లాంచీ నడిపే సరంగు ఈల వేసి పిలిచాడు' అని రాశాడు. మార్చిన వాక్యమే బాగుందని మరిది అనుకుని, అలాగే నోటుబుక్కులో రాసుకున్నాడు. వదిన మాత్రం ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కిటికీ దగ్గర నిలబడింది.

దారిలో మరిది తన అనుమానం బయటపెట్టాడు. టైలరు రాసిన కథ పక్కన తన కథ అచ్చవడమేమిటని లెక్చరర్‌గారు ఒకసారి మూతి ముడుచుకున్నారని లైబ్రేరియన్‌గారే చెప్పింది కదా!

"మూతి ముడిచినవాళ్ళందరూ దొంగలైతే మీ అన్నయ్య నా వంట తిన్న ప్రతిరోజూ జైల్లో ఉండాలి," అంది వదిన. మరిది ఆ పేజీ తిప్పేశాడు.

టైలరమ్మ దుకాణంలో స్కూలు యూనిఫారాలు నడుమెత్తు పేరుకున్నాయి. ఆదివారం రాలేకపోయింది వాటివల్లే. నలభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. మిషను ఆపకుండానే జవాబులు చెప్పింది. కథ ఎవరికీ చూపించలేదు, ఎవరితోనూ అనలేదు. రేవు పుస్తకంలో తన కథలోని వస్తువులు బెంచీ దాకా ఎక్కించింది, మిగతావి ఆదివారం ఎక్కిద్దామనుకుంది.

"పన్నెండో పేజీ?"

ఆమె మిషను ఆపి, సూదులు తీసి దూది మెత్తకి గుచ్చింది. "శనివారం రాత్రే రాశాను. ఇక దాంతో పనేముంది? బాగాలేకపోతే బాగాలేదని చెప్పొచ్చుగా, ఏడ్చి ఊరుకునేదాన్ని. పోయిందంటే ఏమనుకోవాలి?" అని మళ్ళీ మిషను తొక్కింది. గుడ్డ వంకరగా పోతోందని మరిదికి కూడా కనపడింది. అతనికి మనసు పాడైంది.

మందుల షాపాయన కత్తెరతో మాత్రల అట్ట కోస్తున్నాడు. యాభై దగ్గరి వయసు, భార్య పోయి పదేళ్ళయిందట. ఇస్త్రీ చొక్కా. గుండీలన్నీ గట్టిగా కుట్టి ఉన్నాయి కానీ, ఏ రెండింటి రంగూ కలవదు. ఆదివారం పదిన్నరకి వెళ్ళాననీ, ప్రూఫు తీసుకుని వచ్చేశాననీ, సొరుగు వైపు చూడలేదనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ రెండో గుండీని మెలిపెడుతూనే ఉన్నాడు. వీళ్ళు లేవబోతుంటే, తలెత్తకుండా అడిగాడు.

"ఆవిడ బాగా బాధపడుతోందా?"

"బాగా," అంది వదిన. "ఇక రాయనంటోంది. సాయంత్రం అయిదింటికి చదువుల గదికి అందరూ రావాలి. మీరూ రండి. తేవలసింది ఏమైనా ఉంటే తీసుకురండి."

వీధిలోకి వచ్చాక, తేవలసింది ఏమిటని మరిది అడిగాడు. వదిన అయిదింటికి చూడమంది.

* * *

అయిదింటికి అందరూ పొడవాటి బల్ల చుట్టూ కూర్చున్నారు. టైలరమ్మ లైబ్రేరియన్‌గారి మొహం చూడకుండా గుమ్మానికి దగ్గరగా కూర్చుంది. వదిన రేవు పుస్తకం లెక్చరర్‌గారి ముందుకు తోసి, గంట గురించి ఏం రాసి ఉందో చదవమంది.

"'విశ్రాంతి గది పక్కన ఇత్తడి గంట. లాంచీ కదిలేముందు మూడుసార్లు కొడతారు.' అంతే," అని ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"మీ కథలో కొడతారా?"

"సాయంత్రం లాంచీకి కొడతారు. చాలా గంభీరంగా కొడతారు."

నర్సమ్మ కథలో కూడా సాయంత్రమే, రెండు లాంచీలకి. వదిన తల ఊపి, మందుల షాపాయన ప్రూఫు పైకి తీసింది.

"ఈయన కథలోనూ మోగింది, శనివారం దాకా. ఆదివారం ప్రూఫు తీసుకెళ్ళి మంగళవారం తిరిగిచ్చేసరికి మోగడం మానేసింది. పుస్తకంలో గంట భేషుగ్గా ఉంది. అది రేవులో లేదని ఈయనకెవరు చెప్పారు?"

టైలరమ్మ నెమ్మదిగా లేచి నిలబడింది.

"ఆ రోజు గంట లేదు. మధ్యాహ్నమే పట్టుకుపోయారు. నా కథలో..." అని ఆగిపోయింది. తర్వాత మందుల షాపాయన వైపు తిరిగింది.

వదిన గొంతు తగ్గించింది. ఆ సంగతి టైలరమ్మ ఎవరికీ చెప్పలేదు, నోటుబుక్కులో ఎక్కించలేదు. లైబ్రేరియన్‌గారు ఈ పొద్దుటిదాకా నోరు విప్పలేదు. కాబట్టి అది తెలిసిన మూడో మనిషికి ఆ పదకొండు పేజీలే చెప్పి ఉండాలి. ఆదివారం ఒంటరిగా వదిలిన ఆ కాసేపూ చాలు, క్యాలెండరు వెనక తాళంచెవి ఉండనే ఉంది. "ఎందుకన్నది నేను చెప్పను. అది ఆయన చెప్పుకోవలసిందే, అదీ మనందరికీ కాదు," అని కూర్చుంది.

మందుల షాపాయన సంచీలోంచి మందుల కవరు తీసి బల్లమీద పెట్టాడు. లోపల పదకొండు కాగితాలు, మడత నలక్కుండా ఉన్నాయి. లైబ్రేరియన్‌గారు వాటిమీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఏం రాశారో చూద్దామని తీశాను," అన్నాడాయన టైలరమ్మతో. "మొదటి పేజీలోనే, వారం వారం మీ దగ్గరికి తెచ్చే నా చొక్కా కనపడింది. పక్కగదిలోంచి అడుగుల చప్పుడు వినిపించి సంచీలో పెట్టేసుకున్నాను. ఇంటికెళ్ళి చదివాను. కోసినవి అన్నచోట ఆగిపోయింది. ఆ తర్వాత కథలో ఆవిడ నవ్వే ఉంటుందనుకున్నాను. పుస్తకం వస్తే అందరూ నవ్వుతారనుకున్నాను. చింపేద్దామని మూడుసార్లు తీశాను, చేతులు రాలేదు."

మరిది చూపు ఆయన చొక్కా మీదికి, రంగులు కలవని ఆ గుండీల మీదికి పోయింది. పొద్దున వాటిని చూసి కూడా ఏమీ రాసుకోనందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

"ఒక్కటి అడుగుతాను," అంది వదిన. "కథే లేకుండా చేద్దామనుకున్నారు. మరి మీ కథలో గంట ఎందుకు తీసేశారు? ఆ ఒక్క మాట దిద్దకపోతే నేను మిమ్మల్ని పట్టుకోలేకపోయేదాన్ని."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గంట లేదని తెలిశాక ఎలా మోగిస్తానండీ?"

"అయితే నా కథలో కూడా తీసెయ్యాలా?" అన్నారు లెక్చరర్‌గారు ఆదుర్దాగా, ప్రూఫుల కోసం చెయ్యి చాపుతూ. నర్సమ్మ అప్పటికే తనవి లాక్కుని దిద్దుతోంది.

టైలరమ్మ వాళ్ళని చూసింది. తన కథ కోసం చదువుకున్న మనుషులు వాక్యాలు కొట్టేసుకుంటున్నారు. లైబ్రేరియన్‌గారి దగ్గరికి వెళ్ళి, "మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను, క్షమించండి," అంది. తర్వాత టేపు పెట్టుకునే డబ్బాలోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ చదివి, అడగకుండానే ఆఖరి వాక్యం పైకి చదివింది.

"'వచ్చేవారం గుండీలున్న చొక్కాతోనే రండి, అందామె.'"

మందుల షాపాయన తల దించుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి.

"అది కథలో," అంది టైలరమ్మ. గొంతులో కోపం అలాగే ఉంది. "మీకు నవ్వుతారని భయం. నాకు నాలుగు రోజులు ఊపిరాడలేదు. బయటి సంగతి నేనింకా రాయలేదు."

ఆయన ఏదో అనబోయాడు. పొద్దుట్నుంచీ మెలిపెడుతున్న రెండో గుండీ పుటుక్కున ఊడి, బల్లమీద దొర్లి, ఆమె ముందు ఆగింది. ఆమె దాన్ని తీసుకుని, అలవాటుకొద్దీ దారం కొస వెలుతురుకి పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇది నిజంగానే ఊడింది," అని దాన్ని టేపు డబ్బాలో వేసుకుంది. "కొట్టు పదింటికి తీస్తాను."