గీత దాటాకే బ్రేకు

పంపుల మెకానిక్ పరుగు మొదలుపెడితే చూడముచ్చటగా ఉండేది. ముగించే తీరు చూస్తే మాత్రం తల బాదుకోవాలనిపించేది.

అతను పనిచేసే నీళ్ళ ఆఫీసులో ఆటల పోటీలకి స్టాఫ్‌ని తయారు చేయడానికొచ్చిన పీటీ టీచరమ్మ, స్టాప్‌వాచ్ పట్టుకుని సున్నం గీత పక్కనే నిలబడేది. కుక్క తరిమినట్టు అందరికన్నా ముందొచ్చే ఈ మహానుభావుడు, తీరా గీత దగ్గరికొచ్చాక ఆమెని ఓరకంట చూసేవాడు. అంతే, వెనకాల రొప్పుతూ వచ్చే గుమాస్తా గెలిచేసేవాడు.

"ఏమండీ, గీత ఇక్కడుంటే మీరు అక్కడే ఆగుతారేం?"

"ఆగలేదండీ. కొంచెం స్లో అయ్యానంతే."

"గీత దాకానే అనుకుంటే కాళ్ళు ముందే చల్లబడతాయి. అందుకే మేం 'గీత దాటి పరిగెత్తు' అంటాం. దాటాకే బ్రేకు!"

"పరుగుకేనాండీ ఆ మాట?"

"నోట్లో నానే మాటలకి కూడా! రేపు మా పెద్దమ్మ సంబంధం వాళ్ళని తీసుకొస్తోంది. వాళ్ళు సరేనంటే మా నాన్న మాటిచ్చేస్తాడు. తర్వాత మీ ఇష్టం."

అనేసి గిరుక్కున తిరిగింది గానీ, రెండడుగులేసి మళ్ళీ వెనక్కి చూసింది. తనకీ అతనంటే ప్రాణమే మరి.

ఆ సాయంత్రం వానలో నిలువెల్లా తడిసి మెకానిక్ టీచరమ్మ వాళ్ళింటి మెట్లెక్కాడు. ఆమె తండ్రి తలుపు తీశాడు. టీచరమ్మ కర్టెన్ వెనక నిలబడి చెవొగ్గింది.

"ఏం బాబూ?"

"అదేనండీ... మీ అమ్మాయిగారు..."

"ఆఁ, మా అమ్మాయి?"

"మీ... మీ కుళాయి కారుతోందేమో చూసిపోదామని..."

టీచరమ్మకి ఒళ్ళు మండిపోయింది. "మళ్ళీ ఆగారు! గీత దాటి పరిగెత్తండి!" అని లోపల్నుంచే కేకేసింది.

"ఈ వానలో పరుగేమిటే?" అన్నాడు తండ్రి తెల్లబోయి.

మెకానిక్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ. పొద్దున్నే మా అమ్మని తీసుకొస్తాను. పెళ్ళయ్యాక మీరూ మాతోనే ఉండాలి. మనవరాలు పుడితే పేరు మీరే పెట్టాలి. దాన్ని బడికి నేనే దింపుతాను, దాని జడలు మాత్రం..."

"ఆగు బాబూ, ఆగు! జడల దాకా వెళ్ళిపోయావు!" తండ్రి నవ్వాపుకోలేక తలుపు పట్టుకున్నాడు. "ముందు లోపలికొచ్చి తల తుడుచుకో. అమ్మాయ్, నీకూ ఇష్టమేనా? అయితే మీ పెద్దమ్మకి ఫోన్ కలుపు, రేపు రావద్దని..."

"ఇదిగో నాన్నా, లైన్లోనే ఉంది," అంటూ టీచరమ్మ ఫోన్ చేతికిచ్చింది.