ఉప్పు లేని కుండ

లెటీ ఇంట్లో పొయ్యి మీద ఎప్పుడూ రెండు కుండలు ఉడుకుతాయి. పెద్ద కుండలోది లెటీ, ఆమె మొగుడు క్వాకో తింటారు. చిన్న కుండలోది చప్పిడి, అది లెటీ తల్లి కెంగేకి. ముసలమ్మ ఉప్పు ముట్టదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా ఓడల్లో వచ్చిన పాతవాళ్ళలో ఇలాంటి మొండి మనుషులు జమైకా కొండల్లో ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఉప్పు తింటే ఒళ్ళు బరువెక్కుతుందట, ఇక సముద్రం దాటి తన నేలకి పోలేదట. తిననివాళ్ళు ఏదో ఒకనాడు తేలిగ్గా లేచి ఎగిరిపోతారట. అలా ఎగిరినవాళ్ళని లెటీ ఎన్నడూ చూడలేదు. చప్పిడి తింటూనే ముసలివాళ్ళై మట్టిలో కలిసినవాళ్ళని మాత్రం చాలామందిని చూసింది. అయినా అమ్మతో వాదించి గెలిచేదెవరు?

ఆ సోమవారం పొద్దున లెటీ పెండలం ముక్కలు తరుగుతోంది. గురువారం ఓడ కదులుతుంది. కూలీలని దించి ఖాళీగా ఆఫ్రికాకి తిరిగి వెళ్తున్న ఓడ. ఆఫ్రికాలో పుట్టినవాళ్ళు ఎవరైనా ఎక్కవచ్చు, డబ్బివ్వక్కర్లేదని పాదిరి చదివి వినిపించాడు. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచీ కెంగే నడుం నిటారుగా అయిపోయింది. మూడు రోజులుగా ఒక మూట కడుతోంది, విప్పుతోంది, మళ్ళీ కడుతోంది.

"మీ అమ్మకి పెళ్ళికళ వచ్చేసిందే," అన్నాడు క్వాకో కత్తి నూరుకుంటూ.

"నీకు నవ్వులాటగా ఉందా? ఆ ఓడ అమ్మ ఊరికి పోదు. ఇంకెక్కడో రేవులో దించేస్తుంది. అక్కణ్ణించి ఎన్ని నెలలు నడవాలో ఆ పాదిరికే తెలీదు. అరవై దాటిన మనిషి!"

"ఆ ముక్క ఆవిడతోనే అనరాదూ?"

"అన్నాను. 'వచ్చేటప్పుడు మాత్రం దారి తెలిసి వచ్చానా?' అంది."

క్వాకో నవ్వి ఊరుకోలేదు. "చూడు లెటీ, నేనూ నీలాగే ఇక్కడే పుట్టాను. నన్ను పొమ్మంటే, అక్కడ నాకెవరున్నారు, నా పెండలం చేను వదిలి పోనంటాను. ఆవిడ సంగతి మన సంగతి కాదు." కత్తి భుజాన వేసుకుని చేనుకి వెళ్ళిపోయాడు.

కెంగే వాగు దగ్గర గుడ్డ ఉతుక్కుంటోంది. లెటీ వాకిట్లోకి ఒకసారి చూసింది. గబగబా ఉప్పు బుర్రలో చెయ్యి పెట్టి, చిటికెడు తీసి చిన్న కుండలో వేసి కలిపేసింది. ఏ నమ్మకమూ లేని మనిషికి ఆ చిటికెడు మీద అంత ఆశ ఎందుకో ఆమెకే తెలియాలి.

కెంగే వచ్చి గడప మీద కూర్చుని గిన్నె అందుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దవడ ఆగిపోయింది. కాసేపటికి మింగి, గిన్నె కింద పెట్టింది.

"లెటీ, ఇటు రా. ఎంత వేశావు?"

లెటీ బుకాయిద్దామనుకుని మానుకుంది. "చిటికెడే అమ్మా."

"ఎందుకూ?"

"ఎందుకేంటి! నువ్వు వెళ్ళిపోతావని! ఎవరున్నారో, ఎవరు పోయారో తెలియని చోటికి! మీ అమ్మ మొహమే గుర్తులేదని నువ్వే కదా చెప్పావు? అక్కడ నువ్వు పడిపోతే మంచినీళ్ళిచ్చేదెవరు? గుప్పెడు మట్టి వేసేదెవరు? నేను చచ్చానా?"

కెంగే అరవలేదు. అరిచినా బాగుండేదని లెటీకి అనిపించింది.

"ఉప్పు నేనెప్పుడూ ఎరగననుకున్నావా?" అంది చివరికి. "నువ్వు పుట్టిన ఏడు వానల్లేవు. దుంప అన్నది కంటికి కనబడలేదు. దొర ఇచ్చేది ఉప్పుచేప ఒక్కటే. నాకు పాలు పడలేదు. నువ్వేమో ఏడవడానికి కూడా ఓపిక లేక పడున్నావు. మంత్రసాని, 'చేప తిను, లేకపోతే పిల్ల దక్కదు' అంది. నాతో ఓడలో వచ్చిన ఆడవాళ్ళు చుట్టూ చేరి, తినొద్దే, తింటే ఇక్కడే ఉండిపోతావని ఏడ్చారు. తిన్నాను. ఆరు నెలలు తిన్నాను. నీకు పన్ను మొలిచిన రోజున మానేశాను. అప్పటి నుంచీ, ముప్ఫై ఆరేళ్ళుగా, ఆ బరువు దిగిందా లేదా అని నన్ను నేను అడుక్కుంటూనే ఉన్నా."

లెటీ అక్కడే చతికిలబడింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబితే ఏడుస్తావని. ఇప్పుడు చూడు, ఏం చేస్తున్నావో."

లెటీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఆ ఉప్పు తెలిసి తిన్నాను. నా చేత్తో తిన్నాను," అంది కెంగే. "ఇది అలాంటిది కాదు. నన్ను ఓడెక్కించినవాళ్ళు వస్తావా అని అడగలేదు. కొనుక్కున్నవాళ్ళు ఉంటావా అని అడగలేదు. డయానా అని పేరు పెట్టినవాడు, నీ పేరేంటని కూడా అడగలేదు. నా కడుపున పుట్టినదానివి, నువ్వైనా అడుగుతావనుకున్నా."

ఆ మాట లెటీ గుండెకి సూటిగా తగిలింది. మూడు రోజులుగా ఓడ గురించి, దారి గురించి, జ్వరాల గురించి ఎన్ని మాటలు అంది! ఆ ఒక్క మాట మాత్రం అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని భయం. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ అసహ్యించుకున్న దొరల పనే, తనూ కుండ చాటున చేసింది. సిగ్గుతో ఆమె తల పైకి లేవలేదు.

"అమ్మా," అంది. "ఉంటావా? వెళ్తావా?"

కెంగే కూతురి తల మీద చెయ్యి వేసింది. "వెళ్తానే తల్లీ. అక్కడ నాకోసం ఎవరూ ఎదురు చూడటం లేదని తెలుసు. నాకూ భయంగానే ఉంది. అయినా ఆ నేల మీద ఒక్కసారి కాలు మోపి చావాలని ఉంది."

లెటీ అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పెద్దగా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, లేచి, చిన్న కుండలోది పారబోసింది. బూడిద పెట్టి మూడుసార్లు తోమింది. మళ్ళీ పెండలం తరిగింది.

"మరి మింగేసిన ముద్ద?" అంది భయంభయంగా.

"ఎగురుతున్నానా ఏంటి, ఓడెక్కుతున్నా. ఆ మాత్రం బరువు ఓడ మోస్తుందిలే. నీ చేతి ఉప్పు, ఉండనీ."

గురువారం రేవులో గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచి, "డయానా?" అన్నాడు. ముసలమ్మ పలకలేదు. లెటీయే ముందుకి వచ్చింది. "కెంగే. మా అమ్మ పేరు కెంగే. అదే రాయండి." అతను కొట్టేసి రాసేదాకా అక్కణ్ణించి కదల్లేదు. కెంగే మూట చంకన పెట్టుకుని, కూతురి రెండు చెంపలూ తడిమి, వెనక్కి తిరగకుండా, ఓడ దగ్గరికి చేర్చే పడవ ఎక్కింది.

మర్నాడు పొద్దున క్వాకో నిద్ర లేచేసరికి పొయ్యి మీద రెండు కుండలూ ఉడుకుతున్నాయి.

"చిన్న కుండ ఎవరికే?"

"నాకు."

"నువ్వెప్పట్నుంచి నమ్ముతున్నావే ఇవన్నీ?"

"నమ్మటం లేదు," అంది లెటీ, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మ అక్కడ ఒక్కతే చప్పిడి తింటూ ఉంటుంది కదా."

క్వాకో ఆమె పక్కన కూర్చుని, తన గిన్నె ముందుకి జరిపాడు.

"అయితే అందులోంచి నాకూ ఒక ముక్క పెట్టు."