లేవమన్న మాట

చీకటి పడ్డాక ఆ పార్కు నడిమధ్యకి ఎవరూ వెళ్ళరు. మూలమూలలు వెతుక్కునే ప్రేమజంటలు కూడా అక్కడ కూర్చోరు. అంత ఏకాంతం ఊళ్ళో ఇంకెక్కడా దొరకదని వాళ్ళకీ తెలుసు. అయినా కూర్చోరు.

అక్కడ పెద్దాయన ఉంటాడు. మూడంతస్తుల ఎత్తు కంచు విగ్రహం. కంచు కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఎవరో మహానుభావుడు. పేరు చెక్కిన పలక ఎప్పుడో ఊడిపోయింది. మళ్ళీ పెట్టిద్దామంటే ఏం చెక్కించాలో ఎవరికీ గుర్తులేదు. ఏటా ఆయన గొప్పతనం గురించి ఉపన్యాసాలు మాత్రం ఇస్తూనే ఉన్నాం. నేను ఆ పార్కుల ఆఫీసులోనే గుమాస్తాని.

రాత్రిపూట అటుగా పోతే వెనకనుంచి నిట్టూర్పు వినిపిస్తుందంటారు. పెద్ద నిట్టూర్పు... చాలాసేపు కూర్చుని నడుం పట్టేసిన మనిషి విడిచేలాంటిది. మా ఇంజినీరు దానికి కారణం కనిపెట్టాడు — పగటి ఎండకి లోహం సాగుతుంది, రాత్రి చలికి కుంచించుకుపోతుంది, చప్పుడు దానిదే. కనిపెట్టిన మర్నాటినుంచీ ఆయన పార్కులో సాయంత్రం నడక మానేశాడు.

ఇక అసలు సంగతి. ఇది మా తోడల్లుడికి జరిగింది. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

తోడల్లుడు మా మామగారి స్టూడియోలో ఫోటోలు తీస్తాడు. ఎక్కువగా పాస్‌పోర్ట్ ఫోటోలే. మామగారికి వయసు మీదపడినా షాపు తాళం ఆయన మొలనుంచి దిగలేదు. పార్కు వార్షికోత్సవానికి పెద్దాయన ఫోటోతో పోస్టరు వేయాలని మా అధికారి అంటే, నేనే మావాణ్ణి సిఫారసు చేశాను.

పగలు తీశాడు. పెద్దాయన పాదాల మీద పిల్లలు, నెత్తిన పావురాలు. అన్నీ తప్పుకున్న క్షణం చూసి తీస్తే, పెద్దాయన ముఖం చిటపటలాడుతూ వచ్చింది. అధికారి పెదవి విరిచాడు. మహానుభావులు ప్రసన్నంగా ఉండాలట.

ఆ మాట మామగారి చెవిన పడింది. "కదలని మనిషిని కూడా సరిగ్గా తీయలేకపోతే షాపు మీ చేతికెలా ఇవ్వమంటారు అల్లుడుగారూ?" అన్నారు. "ఈ ఒక్క ఫోటో తెండి, తాళం ఇచ్చేస్తాను. లేదంటే షాపు అమ్మేస్తాను."

మావాడికి ఆ షాపు తప్ప వేరే బతుకు తెలియదు. ఆ రాత్రే కెమెరా భుజాన వేసుకుని బయల్దేరాడు. వాచ్‌మన్ గేటు దాకా తోడొచ్చి, అక్కడినుంచి దారి చూపించాడు — వేలితో.

లైటు పెట్టాడు. స్టాండు నిలబెట్టాడు. ఆకు కదలడం లేదు... గాలి లేదు... అయినా ఎక్కడో పైన — హూ... మ్...

భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. మావాడి నోటికొచ్చింది ఒకటే, రోజూ స్టూడియోలో వల్లించే ముక్కలు. గొంతు తగ్గించి అవే మొదలుపెట్టాడు.

"కొంచెం గడ్డం పైకెత్తండి..."

కెమెరాలోంచి చూశాడు. ఇందాకటికన్నా బాగుంది. లైటు మహిమ అనుకున్నాడు.

"ఎడమ భుజం దించండి... ఇంకొంచెం... చాలు."

దిగింది. పనిలో పడితే మావాడికి పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఆ మాట మా మరదలు పెళ్ళయిన కొత్తలోనే చెప్పింది.

"ఏదీ, ఒక్కసారి నవ్వండి. పళ్ళు కనపడక్కర్లేదు... కదలకండి... రెప్ప వేయకండి..."

క్లిక్.

తీసింది చూసుకున్నాడు. ముఖం ఎంత ప్రసన్నంగా ఉందంటే, అతనికి కళ్ళు చెమర్చాయట. తాళం చేతిలో పడ్డట్టే అనుకున్నాడు. ఆ సంతోషంలో అటు తిరిగి స్టాండు మడుస్తూ, రోజూ అనేదే అనేశాడు —

"అయిపోయిందండీ. ఇక లేవచ్చు."

దాని వెనకే అలవాటుగా ఇంకో ముక్క కూడా అన్నాడట. అది మాకు మర్నాడు సాయంత్రం దాకా చెప్పలేదు.

కాసేపు ఏ చప్పుడూ లేదు...

తర్వాత — పట. పట. పటపట. నడుం దగ్గర మొదలై మెడ దాకా కీళ్ళు విరుచుకున్న చప్పుడు. కాళ్ళకింద నేల అదిరింది. లైటు వెలుగుకి ఏదో అడ్డమొచ్చింది. మావాడు వెనక్కి తిరగలేదు. కెమెరా ఒక్కటి పట్టుకుని పరుగో పరుగు.

పొద్దున నేను వెళ్ళేసరికి కుర్చీ ఉంది. పెద్దాయన లేడు. కుర్చీ నిండా పావురాల రెట్టలు, కూర్చున్న మేర మాత్రం తళతళలాడుతోంది.

ఆఫీసులో అత్యవసర సమావేశం పెట్టారు. ఇంజినీరు లేచి, రాత్రి చలి ఎక్కువైందనీ, లోహం మరీ కుంచించుకుపోయిందనీ వివరించాడు. అందరి మనసులూ తేలికపడ్డాయి. కుర్చీ చుట్టూ పరదా కట్టి, మరమ్మతులని బోర్డు పెట్టించాం. పెద్దాయన ఏడని సాయంత్రం దాకా ఒక్కరూ అడగలేదు. నాకెందుకో ఆయన మీద చాలా జాలేసింది.

సాయంత్రం స్టూడియోకి వెళ్ళాను. మామగారు ఫోటో చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "బాగుంది" అని మొలనుంచి తాళం తీసి బల్లమీద పెట్టారు. తోడల్లుడు అటు చెయ్యి చాచలేదు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏమైందల్లుడుగారూ?"

"ఇక లేవచ్చు అన్నాను మామయ్యగారూ..."

"అది పొద్దున చెప్పారుగా. ఆ తర్వాత?"

"తర్వాత... అందరికీ చెప్పేదే." గుమ్మంవైపు చూశాడు. "రేపు సాయంత్రం షాపుకొచ్చి ఫోటో తీసుకెళ్ళండి... అన్నాను."

బయట మొరుగుతున్న కుక్కలు ఒక్కసారిగా ఆగిపోయాయి. గోడమీది ఫోటోల అద్దాలు సన్నగా గలగలలాడాయి. ఆగాయి... మళ్ళీ గలగలలాడాయి. ఈసారి ఇంకాస్త గట్టిగా.

మామగారు తాళాన్ని అతనివైపు తోశారు. "షాపు మీదే. వచ్చే కస్టమరూ మీవాడే." ఫోటోని కవర్లో పెట్టి, పెన్ను తీసి నావైపు చూశారు. "పార్కు ఆఫీసు మీదేగా పెద్దల్లుడుగారూ. కవరు మీద పేరేం రాయమంటారు?"

నోరు తెరిచాను. ఏటా ఆ ఉపన్యాసాలు రాసిచ్చేది నేనే. పేరు రాలేదు.

గుమ్మంలో పడుతున్న వీధిదీపం వెలుగు మెల్లగా తగ్గి... పూర్తిగా పోయింది.

"పోనీలెండి," అన్నారు మామగారు గుసగుసగా, పెన్ను అలాగే పట్టుకుని. "ఆయన్నే అడుగుదాం."