ఇరవై లెక్కపెట్టేలోగా

పొద్దున్నే ఆయన గొంతు సవరించుకుని, "నువ్వు..." అన్నాడు.

"మీటింగుకి ఆలస్యమైపోతుందంటారు, అంతేగా? తెలుసు లెండి," అంది భార్య, చేతిసంచి సర్దుకుంటూ.

పక్షవాతం వచ్చి మూడేళ్లు. పోయింది ఆయన మాటే, బుర్ర కాదు. అలాంటి రోగుల కోసం పనిచేసే సేవాసంస్థ సలహాసంఘంలో డాక్టర్ల సరసన ఆవిడకో కుర్చీ. ఇంటివాళ్ల కష్టం తెలిసిన మనిషని అక్కడ ఆవిడ మాటకు భలే విలువ. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

ఆ రోజు అచ్చుకెళ్లాల్సిన సంస్థ కరపుస్తకం బల్లమీద ఉంటే కూతురు తీసి చదివింది.

"'రోగిని అడిగాక ఇరవై లెక్కపెట్టేదాకా ఆగండి. తర్వాత మాట మీరందుకోండి.' డాక్టరు రాసిన ముప్ఫై కొట్టేసి ఇరవై ఎవరు చేశారమ్మా?"

"నేనే. ఇంట్లోవాళ్లకి అంత తీరికెక్కడిదే? అనుభవం మీద చెప్పాను."

"ఏం అనుభవం? నాన్న కోసం ఎప్పుడైనా రెండు లెక్కపెట్టావా?"

"మూడేళ్లుగా మూతి తుడుస్తున్నదాన్ని. నువ్వొచ్చి నాకు నేర్పుతావా?"

"మూతి తుడిచావు, నోరూ మూశావు. సంస్థవాళ్ల పాత ఉత్తరం నిన్న చూశాను. వాళ్లు పిలిచింది నాన్నని. ఆయనకి మాట రాదని రాసేసి నువ్వెళ్లి కూర్చున్నావు."

ఆవిడకు ఒళ్లు మండింది. కుర్చీ లాక్కుని భర్త ఎదురుగా కూర్చుంది.

"అయితే నీ కళ్లతోనే చూడు. ఏమండీ, ఇందాక ఏం చెప్పబోయారు?"

పైకే లెక్కపెట్టింది. పదికి ఆయన పెదవి కదిలింది. పదిహేనుకి నుదుట చెమట పట్టింది. ఇరవై అయింది. ఆవిడ గెలిచినట్టు కూతురివైపు చూసింది.

"ఇంకా లెక్కపెట్టు," అంది కూతురు.

ఇరవై ఆరు.

"నువ్వు... నన్ను... తీసుకెళ్లు."

'ఆసుపత్రికా?' అనబోయి ఆవిడ నాలుక కరుచుకుంది. ఆయన బాగున్న చెయ్యి కరపుస్తకం మీద పెట్టాడు.

"అక్కడికి."

ఇన్నాళ్లుగా ప్రతి మీటింగు పొద్దునా ఆయన "నువ్వు" అనడం, ఆ మాట తను పూర్తిచేసి తలుపు దగ్గరికేసి వెళ్లిపోవడం ఆవిడకు గుర్తొచ్చాయి. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఇరవై కొట్టేసి ముప్ఫై వేసింది. చెప్పులు తెచ్చి ఆయన కాళ్లదగ్గర పెట్టింది.

"నామీద కోపంగా ఉందా?" అని అడిగి, లోపల్లోపల లెక్కపెట్టసాగింది.

ముప్ఫై దాటింది. ఆయన చెప్పుల్లో కాళ్లు దూర్చి, లేపమని కూతురివైపు చెయ్యి చాచాడు.