మేనేజరు గారి గొంతు

సోడా సీసాలో తెచ్చిన నీళ్ళను ఉమాశ్రీ వెలుతురుకి ఎత్తి చూసింది. గాజు గొట్టంలో కాసిని పోసి మందు చుక్కలు వేసింది. నీళ్ళు ముదురు ఎరుపుకి తిరిగాయి, పాడైన నీళ్ళ రంగు. అంత ఎరుపు ఆ ల్యాబులో ఎప్పుడూ చూడలేదు.

పాలకొల్లులో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులు వీధికొకటి ఉన్నాయి. నీళ్ళు పాడుచేసుకుని ఆలస్యంగా వచ్చే రైతులంటే ఉమాశ్రీకి జాలి లేదు. ఆమె వాళ్ళని తిట్టేది. వాళ్ళు మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు.

"చెరువు ఎన్ని ఎకరాలండి?" అంది, రాసుకుంటూ.

"ఆరడుగులండి," అన్నాడు కౌంటరు అవతలి కుర్రాడు.

"లోతు అడగలేదు."

"లోతు కాదండి. ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు."

ఉమాశ్రీ తలెత్తింది. ఇస్త్రీ చొక్కా, భుజం మీద వాన చినుకులు, కనుబొమ మీద ఎక్కడో అంటిన తెల్లటి ఉప్పు పొడి.

"పిల్లలు ఎన్ని వేశారు?"

"ఒక్కడేనండి."

"ఒక్క రొయ్యా?"

"రొయ్య కాదండి, షార్కు. చిన్నవాడే, మూరన్నర ఉంటాడు. పేరు మేనేజరు."

"మేనేజరా?"

"పగలంతా కదలకుండా పడుకుంటాడు. తిండి టైముకి లేస్తాడు. మా అమ్మ పెట్టింది ఆ పేరు."

ఉమాశ్రీ నవ్వు ఆపుకుంది. ఎర్ర గొట్టం కళ్ళ ముందే ఉంది మరి. "నీళ్ళు ఎన్నాళ్ళకోసారి మారుస్తారు?"

"మార్చమండి. తగ్గితే పోస్తాం."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"ఒక పని చేయండి. మూడేళ్ళు ఒకే బకెట్టు నీళ్ళతో స్నానం చేసి, అప్పుడొచ్చి మాట్లాడండి."

అతనికి కోపం రాలేదు. "మా నాన్న చేయమంటే అదీ చేసేవాణ్ణేనండి," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వాడికి గొంతు కింద వాచింది. నెల నుంచి తిండి తగ్గించేశాడు. గేదెల డాక్టరు గారిని అడిగితే, నాకు కాళ్ళున్నవే తెలుసు అన్నారు."

ఫోను తీసి ఫొటో చూపించాడు. అద్దానికి ఆనుకుని పడుకున్న బూడిద రంగు సొరచేప. దవడ కింద నిమ్మకాయంత బుడిపె.

ఉమాశ్రీ చెయ్యి తనంతట తనే తన గొంతు మీదికి వెళ్ళింది.

"సాయంత్రం ఐదింటికి వస్తాను," అంది. "మీ పేరేంటి?"

"భానుతేజండి. ఉప్పు, చింతపండు కొట్టు కుక్కుటేశ్వరరావు గారి అబ్బాయిని."

*

కొట్టు వెనక గోడౌను. వానాకాలం కావడంతో ఉప్పు బస్తాలు చెమర్చి నేల తడిగా ఉంది. బస్తాల మధ్య గాజు తొట్టి, దాని పక్కన పడక కుర్చీలో కుక్కుటేశ్వరరావు. మనిషి సన్నం, మాట అంతకంటే సన్నం.

శాకాహారుల ఇంట్లోకి సొరచేప ఎలా వచ్చిందో భానుతేజ చెప్పాడు. నరసాపురం రేవు నుంచి పాపాయమ్మ అనే ఆవిడ చేపలు ఎండబెట్టుకోవడానికి ఈ కొట్టులోనే ఉప్పు కొంటుంది. మూడేళ్ళ కింద వలకి చుట్టుకున్న గుడ్డు ఒకటి తెచ్చి, తోలు సంచీలా ఉన్న ఆ వింతని భానుతేజ వాళ్ళమ్మ సత్యలక్ష్మి గారికి చూపించింది. ఆవిడ దాన్ని ఊరగాయ జాడీలో ఉప్పునీళ్ళు పోసి ఉంచింది. గాలి మోటారు పెట్టించింది. పిల్ల బయటికొచ్చింది. తొట్టి కట్టించి, మొదటి నీళ్ళు ఆవిడే పోసింది. ఏడాది తిరిగేసరికి ఆవిడ పోయింది.

"నీసు మేం ముట్టుకోమండి. రోజు విడిచి రోజు పాపాయమ్మే వచ్చి రొయ్యలు వేసి వెళుతుంది. చెరువు రొయ్యలు."

"తొట్టి నీళ్ళు?"

"చెరువుల దగ్గర ఉప్పు బోరు నీళ్ళు. చప్పబడితే మా కొట్లో రాళ్ళుప్పు కలుపుతాం."

"ఆ ఉప్పు ఏదీ, చూడనివ్వండి," అని ఉమాశ్రీ చెయ్యి చాపింది.

భానుతేజ గుప్పెడు తీశాడు. ఆమె చేతిలో పెట్టలేదు. బస్తా మీద కాగితం పరిచి, దాని మీద పోశాడు.

"ఉప్పు చేతికివ్వకూడదండి. గొడవలొస్తాయి."

"పొద్దున్నే వచ్చిందిగా గొడవ."

"అది మీరొక్కరే పడ్డారండి. నేను పడలేదు."

ఉమాశ్రీ తొట్టి ముందు నేల మీద కూర్చుంది. మేనేజరు కదలలేదు. మొప్పలు మాత్రం ఆయాసపడుతున్నాయి. బుడిపె మరికాస్త పెరిగితే మింగుడు పడదు. ఆ తర్వాత రోజులు లెక్కపెట్టుకోవడమే. తనకి పాఠం చెప్పిన ఫిషరీస్ కాలేజీ మాస్టారికి ఫొటోలు పంపింది. ఆయన ఒక్క మాటే రాశాడు. ఆమె అనుకున్న మాటే.

"థైరాయిడ్," అంది లేచి. "అయోడిన్ చాలక గొంతు గ్రంథి వాచింది. సముద్రంలో అయోడిన్ ఉంటుంది. బోరు నీళ్ళలో లేదు. మీ ఉప్పులో ఉండీ లేనట్టే. చెరువు రొయ్యలోనూ అంతే. కాస్తో కూస్తో ఉన్నదాన్ని ఈ పాత నీళ్ళలో పేరుకున్న నైట్రేటు ఒంటికి పట్టనివ్వదు."

కుక్కుటేశ్వరరావు మొదటిసారి నోరు విప్పాడు. "నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను. నా ఉప్పు తిన్నవాడెవడికీ గొంతు వాయలేదు."

"వాళ్ళు పాలు తాగుతారు, ఊళ్ళు తిరుగుతారండి. వీడు మీ గోడౌను దాటి ఎరగడు. మందుంది. తిండిలో పెట్టి ఇస్తాం. కానీ ముందు ఈ నీళ్ళు తీసెయ్యాలి. వారానికి కాస్త చొప్పున తీసి, సముద్రపు నీళ్ళు పోయాలి."

"తీసి?"

"తీసి ఏముంది, కాలవలో..."

"ఉప్పంటే లక్ష్మి, అమ్మా. మా ఇంట్లో చిటికెడు ఉప్పు పారబొయ్యరు. తాతల నాటి నుంచీ లేదు. ఈ నీళ్ళు కదపడానికి వీల్లేదు. మందు ఉంటే ఇవ్వు, లేకపోతే వెళ్ళు."

"అయితే మీరు దాచుకుంటున్నది నీళ్ళు కాదండి, దాని చావు."

అనేసి బయటికి వచ్చేసింది. మాట పెద్దదే. వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించలేదు.

భానుతేజ గొడుగు పట్టుకుని వీధి చివరి దాకా వెంట వచ్చాడు. గొడుగు ఆమె మీద ఉంది, వాన అతని మీద ఉంది.

"ఉప్పు సంగతి పైకి చెప్పేదండి," అన్నాడు. "అవి అమ్మ పోసిన నీళ్ళు. అందుకు."

ఆ మాట ఉమాశ్రీకి నడుస్తున్నంతసేపూ వినిపిస్తూనే ఉంది.

*

మర్నాడు మందుల దుకాణంలో అయోడైడ్ పొడి చెప్పి తెప్పించింది. భానుతేజ ల్యాబుకి వచ్చి పొట్లం తీసుకుంటూ, "ఈ జబ్బు గురించి మీకు బాగా తెలుసండి," అన్నాడు.

"నాకూ ఉంది కాబట్టి. రోజూ ఒక మాత్ర వేసుకుంటాను." ఎందుకు చెప్పిందో తెలియదు. మొదలుపెట్టాక ఆపలేదు. "పోయినేడు రాజమండ్రి నుంచి ఒక సంబంధం వచ్చింది. తాంబూలాల ముందు మాత్ర సంగతి చెప్పాను. జబ్బు మనిషిని మా ఇంటికి తెచ్చుకోం అని పెళ్ళికొడుకు తల్లి అంది. పెళ్ళికొడుకు పక్కనే కూర్చుని జీడిపప్పు తిన్నాడు."

వాళ్ళని ఉమాశ్రీ క్షమించలేదు. క్షమించాల్సిన పనీ లేదు.

భానుతేజ పొట్లం జేబులో పెట్టుకున్నాడు. "పరగడుపున వేసుకోవాలాండి మాత్ర?"

"అవును. తర్వాత అరగంట దాకా కాఫీ లేదు."

"అదొక్కటే కష్టమండి. మిగతాది జబ్బులా లేదు."

ఉమాశ్రీకి నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు.

ఆదివారం కోనసీమలో సొంతింటికి వెళ్ళింది. వాళ్ళ నాన్న భాస్కరం స్కూలు మాస్టారు. పెరట్లో కొబ్బరి మొక్క చుట్టూ గాడి తీసి, దోసిళ్ళతో ఉప్పు వేస్తున్నాడు. ఏటా వేస్తాడు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజు మాత్రం మెట్ల మీదే నిలబడిపోయింది.

"నాన్నా, ఆ ఉప్పు పారబోసినట్టా?"

"పారబొయ్యడమేంటే? చెట్టుకి పెడుతున్నాను."

సోమవారం పొద్దున్న, ల్యాబు తాళం కూడా తియ్యకుండా నేరుగా గోడౌనుకి వెళ్ళింది.

"షావుకారు గారూ, మీ గోడౌను వెనక నాలుగు కొబ్బరి చెట్లున్నాయి."

కుక్కుటేశ్వరరావు పేపరు దించలేదు. "ఉంటే?"

"మా వైపు కొబ్బరి మొదట్లో ఉప్పు వేస్తారు. ఈ తొట్టి నీళ్ళలో ఉప్పూ ఉంది, నైట్రేటు అంటే ఎరువూ ఉంది. వారం వారం కాస్త కాస్త తీసి, చెట్టుకో రెండు బకెట్లు పోద్దాం. కాలవలోకి చుక్క పోదు. అమ్మగారు పోసిన నీళ్ళు మీ దొడ్లోనే ఉంటాయి."

పేపరు దిగింది. ఆయన తొట్టి వైపు తిరిగాడు. మేనేజరు మొప్పలు పైకీ కిందికీ ఆడుతున్నాయి.

"పిందె రాలిపోతోంది ఆ చెట్లకి. ఆగుతుందా?" అన్నాడు చివరికి. వ్యాపారి మరి.

"ఆగుతుందని చెప్పను. ఆగొచ్చు."

"అబద్ధం చెప్పవు," అని లేచాడు. మొదటి బకెట్టు ఆయనే ముంచాడు. ఆయనే మోసుకెళ్ళాడు. భానుతేజ చెయ్యి వెయ్యబోతే, వద్దన్నాడు. చెట్టు మొదట్లో పోసి, నీళ్ళు ఇంకే దాకా అక్కడే నిలబడ్డాడు. కొడుకూ ఉమాశ్రీ ఆయన్ని చూడనట్టు ఇటు తిరిగి నిలబడ్డారు.

*

కొత్త నీళ్ళు పాపాయమ్మ మొగుడు తాతాజీ పడవలో తెచ్చాడు. ఏరు సముద్రంలో కలిసే మొగలో కాదు, అలలు దాటి నీళ్ళు నీలంగా ఉన్న చోట ముంచాడు. డ్రమ్ములు దింపుతుంటే పాపాయమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నవ్వింది.

"సముద్రం నీళ్ళకి బండి కట్టించిన షావుకారు మా పెద్దయ్యగోరొక్కరే. అదేదో సొరపిల్లనే సముద్రానికి తోలేత్తే పోయేదిగా?"

"తొట్టిలో పెరిగినవాడు పాపాయమ్మా, అక్కడ బతకడం రాదు," అన్నాడు భానుతేజ.

"తవరిలాగే," అంది పాపాయమ్మ అతనితో, ఉమాశ్రీ వైపు చూస్తూ.

చెరువు రొయ్యలు మానేశారు. సముద్రం చేప ముక్కలో మందు పెట్టి పాపాయమ్మ వేసేది. మొదటి వారం మేనేజరు మూతి తిప్పుకున్నాడు. మూడో వారం ముక్క అందుకున్నాడు. నెలన్నరకి బుడిపె మెత్తబడింది.

శనివారం శనివారం భానుతేజ సోడా సీసాతో ల్యాబుకి వచ్చేవాడు. గొట్టంలో ఎరుపు నారింజకి దిగింది, నారింజ పసుపుకి దిగింది. పసుపు అలాగే నిలిచింది. అతను మాత్రం వస్తూనే ఉన్నాడు.

"నెల నుంచి మీ నీళ్ళు బాగానే ఉన్నాయి," అంది ఒక శనివారం.

"తెలుసండి."

"మరి ఎందుకు తెస్తున్నారు?"

"సీసా లేకుండా వస్తే ఎందుకొచ్చారని మీరు అడుగుతారని."

ఉమాశ్రీ రిపోర్టు రాసిచ్చింది. రాసేటప్పుడు, ఉప్పు శాతం ఉండే గడిలో తేదీ వేసింది. ల్యాబులో చేరాక చేసిన మొదటి తప్పు అది. అతను చూశాడు. దిద్దమని అడగలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

*

కార్తీకం వచ్చేసరికి మేనేజరు గొంతు చదునైంది. చూడటానికి ఉమాశ్రీ వెళ్ళింది. తొట్టిలోకి ముక్క పడగానే లేచి, ఒక్క గుక్కలో మింగి, మళ్ళీ వెళ్ళి పడుకున్నాడు.

"మందు ఆపకూడదు," అంది. "తక్కువ మోతాదులో ఇస్తూనే ఉండాలి. నాలాగే."

"మేమిద్దరం అనొచ్చుగా వాణ్ణి కలుపుకుని," అన్నాడు భానుతేజ.

"మీ ఇంట్లో వాడికే మర్యాద ఎక్కువ. నన్ను కలపకండి."

కుక్కుటేశ్వరరావు పడక కుర్చీలో పేపరు చదువుతున్నాడు. వెనక దొడ్లో రెండు చెట్లకి పిందె నిలిచింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, రోజుకి మూడుసార్లు వెళ్ళి చూసుకుంటున్నాడంతే.

"వెళ్ళొస్తానండి. అన్నట్టు, అమ్మ ఉసిరికాయ పచ్చడికి రాళ్ళుప్పు తెమ్మంది. ఒక కేజీ ఇవ్వండి."

భానుతేజ సంచీ కట్టాడు. దాన్ని బల్ల మీద పెట్టి, బస్తాలోంచి విడిగా గుప్పెడు ఉప్పు తీశాడు. కాగితం పరవలేదు. గుప్పిట ఆమె ముందుకి చాపాడు. వేళ్ళ సందుల్లోంచి రెండు పలుకులు రాలాయి.

"ఏంటిది?"

"ఉప్పండి."

"చేతికివ్వకూడదన్నారుగా. గొడవలొస్తాయని."

"రావాలనేనండి. రోజూ రావాలని."

ఉమాశ్రీ కళ్ళు పడక కుర్చీ వైపు వెళ్ళాయి. రాజమండ్రి వాళ్ళ ముందు కూర్చున్న రోజు గుర్తొచ్చింది. మాత్ర సంగతి ఈయనకి తెలుసు, కొడుకే చెప్పాడు.

కుక్కుటేశ్వరరావు పేపరు తిప్పుతూ, తలెత్తకుండానే అన్నాడు.

"గుప్పిట విప్పరా, చెమ్మకి కరిగిపోతుంది. ఈ ఇంట్లో నాతో దెబ్బలాడే మనిషి లేక రెండేళ్ళు దాటింది."

ఉమాశ్రీ దోసిలి పట్టింది. ఉప్పు ఆమె చేతుల్లోకి దిగింది, అతని చేతి వేడితో సహా.

"ముందే చెబుతున్నాను," అంది. "పొద్దున్న మాత్ర వేసుకున్నాక అరగంట దాకా నాతో ఎవరూ మాట్లాడకూడదు."

"అరగంటా? పావుగంట చాలండి."

"అరగంట."

"ఇరవై నిమిషాలు."

పడక కుర్చీలో పేపరు వెనక కుక్కుటేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు. గొడవ వింటూ చాలాసేపు అలాగే ఉన్నాడు.