తోడల్లుడి కూలర్

అడుగుల చప్పుడు!

అతను చటుక్కున టేబుల్ కిందకి దూరతాడు. చేతిలో చిన్న రూమ్ హీటర్!

టెస్ట్ రూమ్ తలుపు తెరుచుకుంటుంది. నల్ల బూట్లు... తోడల్లుడివే!

మర్చిపోయిన ఫోన్ తీసుకుని, ఈల వేసుకుంటూ వెళ్ళిపోతాడు.

ఈల కూడానా... వీడికేం దిగులు!

లంచ్ బ్రేక్ ఇంకో పావుగంటే ఉంది. టేబుల్ మీద తోడల్లుడు తయారుచేసిన అరచేతంత ఎయిర్ కూలర్ గిర్రున తిరుగుతోంది. దాని కింద అది చల్లబరచాల్సిన కంప్యూటర్ ప్రాసెసర్, ఫుల్ లోడ్ మీద. చివర్లో ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేస్తారు. ఎవరి కూలర్‌కి తక్కువ వస్తే వాళ్ళే ల్యాబ్ హెడ్!

నిన్న తన కూలర్‌కి యాభై ఒకటి వచ్చింది.

మంచి అంకే. అయినా రాత్రంతా కంటి మీద కునుకు లేదు. పద్నాలుగేళ్ళుగా ఇక్కడే అరిగిపోయాడు. మూడేళ్ళ క్రితం చేరిన వీడు తనకి పోటీ! ఇంట్లో భార్యది రోజూ ఒకటే పాట. "మా చెల్లెలి మొగుణ్ణి చూసి నేర్చుకోండి!"

కడుపు మండిపోతోంది.

హీటర్‌ని కూలర్ ముందు, కేబుళ్ళ చాటున పెడతాడు. స్విచ్... ఆన్!

స్క్రీన్ మీద ప్రాసెసర్ వేడి ఎనభై ఆరు... ఎనభై తొమ్మిది... తొంభై ఒకటి!

గది వేడి కొలిచే సెన్సర్ దూరంగా గోడ మీద ఉంటుంది. అక్కడ ఎప్పుడూ ఇరవై ఎనిమిదే. తీసేస్తే అరవై మూడు!

చచ్చాడు వెధవ!

బీప్! రీడింగ్ సేవ్ అయింది. హీటర్ బ్యాగ్‌లోకి వెళ్ళిపోతుంది.

రెండింటికి అందరూ స్క్రీన్ ముందుకి చేరతారు. మేనేజర్ కళ్ళద్దాలు సర్దుకుంటాడు.

"ముప్పై నాలుగు! రికార్డ్ కొట్టావయ్యా!"

"ముప్పై నాలుగా? ఎలా సార్?" అతను స్క్రీన్ మీదకి వంగుతాడు.

"గోడ మీద సెన్సర్‌ని పొద్దున్నే తీయించాను. ఇప్పుడు కూలర్ ముందే ఉంది, కేబుళ్ళ మధ్య. అసలు లెక్క బయటపడింది!"

హీటర్ ఊదింది ఆ సెన్సర్ మీదకే! గది వేడి యాభై ఏడని తీసేశారు!

చప్పట్లు. మేనేజర్ తోడల్లుడి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. "రేపట్నుంచి నువ్వే హెడ్!"

భార్య మొహం కళ్ళ ముందు మెదులుతుంది. ఇక జన్మంతా అదే పాట...

వల్ల కాదు. చూస్తూ ఊరుకోవడం అతని వల్ల కాదు!

"ఆపండి! అదంతా తప్పు! హీటర్ పెట్టింది నేనే!"

బ్యాగ్‌లోంచి తీసి టేబుల్ మీద పడేస్తాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

చప్పట్లు ఆగిపోతాయి. మేనేజర్ గార్డుకి సైగ చేస్తాడు.

తోడల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎంత పని చేశారన్నయ్యా! పొద్దున నేనొక్కణ్ణే ఒకసారి టెస్ట్ చేసి చూసుకున్నాను. యాభై నాలుగొచ్చింది. మీరే గెలిచారని మీ మరదలు అప్పుడే కేక్ ఆర్డర్ చేసేసింది..."

గార్డు చెయ్యి అతని భుజం మీద పడుతుంది.