పిలుపుల బాయిల ఏడో ఫొటో

ఎర్రగుంటపల్లి దాటినంక, గుట్ట వారకు ఒక పాత దిగుడుబాయి ఉండె. దాన్ని చుట్టుపక్కలోళ్లంత పిలుపుల బాయి అనేటోళ్లు. పొద్దూకినంక ఆ దిక్కు పోతే లోపలికెల్లి ఎవరో పిలుస్తరట.

"జర చెయ్యియ్యిరి... జర చెయ్యియ్యిరి..."

మొగ గొంతో ఆడ గొంతో తెల్వదు. ఎన్కట ఒకాయన పాపమని మెట్లు దిగి పోయిండట— మళ్ల పైకి రాలే. అప్పటిసంది ఆ పిలుపు ఇనవడితే చాలు, ఊరోళ్లు తలుపులకు గొళ్లాలు పెట్టుకునుడే. ఎవ్వరు పలుకరు. ఎవ్వరు తిరిగి సూడరు.

ఈ సంగతి ఆ రాత్రి దాక అమీనాకు తెల్వదు. ముందే తెలిసుంటే ఆ బాయి ఫొటోలు ఎక్కించేదో లేదో, ఆమె కూడ చెప్పలేకపోయేది.

అమీనాది పాలమూరే. తండ్రి మొయినుద్దీన్‌కు బస్టాండ్ కాడ గడియారాలు బాగుచేసే డబ్బా ఉండె. పిల్ల కంప్యూటర్ నేర్చి, పాత బాయిల పూడిక తీపిచ్చే ఒక సంస్థల కొలువుకు కుదిరింది. అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఆ సంస్థకు ఎవరో ఒక డిజిటల్ కెమెరా ఇచ్చిపోయిన్రు. రీలు లేదు, కడిగిచ్చే పని లేదు. కురుమయ్య అనే పెద్దమనిషి ఊర్లు తిరిగి బాయిల ఫొటోలు తీసుకొస్తే, అమీనా కెమెరాకు వైరు పెట్టి కంప్యూటర్‌ల ఎక్కించేది.

ఎక్కించుడంటే ఇప్పటి లెక్క కాదు. ఒక్క ఫొటోకు రెండు మూడు నిమిషాలు పట్టేది. తెర మీద పైకెల్లి కిందికి, పట్టీలు పట్టీలుగ దిగేది. ముందు ఆకాశం... తర్వాత చెట్లు... తర్వాత నేల. చుట్టిన చాపను ఎవరో మెల్లమెల్లగ ఇప్పుతున్నట్టు.

ఆ దినం పొద్దంత కరెంటు లేకుండె. చలికాలం. ఆరున్నరకు కరెంటొచ్చింది. తెల్లారి మొదటి బస్సుకు ఫొటోలు పట్నం పోవాలె. అందరు ఇండ్లకు పోయిన్రు. మేడమీది ఆఫీసు గదిల అమీనా, కురుమయ్య ఇద్దరే మిగిలిన్రు.

"ఇయ్యాల పన్నెండు తీసిన బిడ్డా" అన్నడు కురుమయ్య. "పిలుపుల బాయికాడ అయితే మూడే తీసిన. పొద్దున పదకొండింటికే పోయిన గని... ఆడ ఎక్కువసేపు నిలవడబుద్ది కాలే."

"ఎందుకన్నా?"

"ఏం లేదు తియ్యి. నువ్వు కానియ్."

ఆరు ఫొటోలు మంచిగ ఎక్కినయి. మోటర్ల షెడ్డు, తుమ్మచెట్లు, ఎండిన బాయిలు. కురుమయ్య బెంచీ మీద కూసోని ఆవులిస్తున్నడు.

ఏడోది మొదలైంది.

ఆకాశం దిగింది. గుట్ట దిగింది. బాయి ఒడ్డు దిగింది. పాచిపట్టిన రాళ్లు... అరిగిపోయిన మెట్లు... మెట్ల కింద నీడ.

ఆ నీడల— తెల్లగ ఏదో.

అమీనా తెర దగ్గరికి ఒంగింది. తెల్లగుడ్డ. దాని కింద ఒక పట్టీ... ఇంకొక పట్టీ...

ఆగిపోయింది.

కెమెరా మీది చిన్న దీపం ఆరిపోయింది. సెల్లులు అయిపోయినయి.

"ఏమైంది బిడ్డా?"

"సెల్లులన్నా. కొత్తయి కావాలె. జల్ది."

కురుమయ్య కింద దుకాణానికి పోయి వచ్చేదాక అమీనా కదలలే. సగం దిగిన ఫొటో తెర మీద అట్లనే ఉంది. కిందంత నల్లగ. బయట ఒక రిక్షా గంట కొట్టుకుంట పోయింది. ఆ చప్పుడుకే ఆమె ఉలిక్కిపడ్డది.

సెల్లులు మార్చిన్రు. ఫొటో మళ్ల మొదటికెల్లి.

ఆకాశం... గుట్ట... ఒడ్డు... మెట్లు... నీడ... తెల్లగుడ్డ.

గుడ్డ కాదు. తలకు చుట్టుకున్న రుమాలు.

దాని కింద నొసలు. నొసటి మీద నల్లగ కారిన చార. తర్వాత కండ్లు—

పైకి సూస్తున్నయి. సక్కగ కెమెరా దిక్కు.

ముక్కు. తెరిచిన నోరు. గొంతుల దాక నీళ్లు. ఒక చెయ్యి బాయి రాయిని పట్టుకోనుంది. ఇంకొక చెయ్యి పైకి సాపి ఉంది.

"కురుమన్నా..." అమీనా గొంతు ఆమెకే ఇనవడలే. "ఈడ ఎవరున్నరు?"

కురుమయ్య వచ్చి సూసిండు. తెర కాడికెల్లి ఎనకకు జరిగిండు.

"నేను తీసినప్పుడు ఎవ్వరు లేరు. నా పిల్లల మీద ఒట్టు. ఒక్క పురుగు లేదు." గొంతు తగ్గించిండు. "తీసెయ్ బిడ్డా. దాన్ని తుడిచెయ్. అది మనిషి కాదు."

అప్పుడు చెప్పిండు— బాయి పేరు ఎట్లొచ్చిందో, పిలుపు ఎట్లుంటదో, ఊరోళ్లు ఎందుకు పలుకరో. గుసగుసగ చెప్పిండు, తెరల ఉన్నోడు ఇంటడేమో అన్నట్టు.

అమీనా తెరకెల్లి కండ్లు తిప్పలే. "నొసటికి దెబ్బ తాకింది సూడు. నెత్తురు కారుతాంది. దెయ్యానికి దెబ్బ తాకుతదా అన్నా?"

కురుమయ్య ఒంగి ఆ చారనే సూసిండు.

ఎర్రగుంటపల్లిల ఒక్కటే ఫోను. కిరాణం లింగస్వామి ఇంట్ల. అమీనా నంబరు తిప్పింది. చానాసేపటికి ఎత్తిండు.

"అన్నా, పాలమూరుకెల్లి మాట్లాడుతున్న. మీ ఊరి పాత బాయిల మనిషి పడ్డడు. జర తాడు తీసుకొని పొండ్రి..."

అవతల తలుపు గొళ్లెం గుంజి సూసిన చప్పుడొచ్చింది.

"అన్నా, ఇనవడుతుందా?"

"నీకెట్ల తెలిసిందమ్మా?" లింగస్వామి గుసగుసగ అన్నడు. "పొద్దూకినకాడికెల్లి మొత్తుకుంటాంది. చెయ్యియ్యిరి, చెయ్యియ్యిరి అని. ఊరంత తలుపులు పెట్టుకున్నం. నీకు పున్నెముంటది, ఫోను పెట్టెయ్..."

కట్.

కురుమయ్య ఇన్నడు. "సాలు బిడ్డా. ఇంటికి పోదాం పా. మీ నాయిన ఎదురుసూస్తుంటడు."

అమీనా లేచింది. శాలువా కప్పుకొని, బ్యాటరీ లైటు చేతికి తీసుకుంది. 

"మనిషే అయితే? పొద్దటిసంది నీళ్లల్ల ఉన్నట్టు. మనం ఫొటో తీసుకొచ్చి ఈడ కూసున్నం. ఆయన చెయ్యి సాపి అట్లనే ఉన్నడు."

కురుమయ్య తల దించుకున్నడు. తర్వాత మెల్లగ పోయి, మూలకున్న బాయిలు దిగే మోకు భుజానేసుకున్నడు.

కింద ఆటో స్టాండ్ కాడ కరీం ఉండె. అమీనా వాళ్ల గల్లీ మనిషి. "చాచా, ఎర్రగుంటపల్లికి జల్ది పోవాలె" అంటే ఎందుకని అడుగలే. ఊరు దగ్గరికొచ్చినంకనే అడిగిండు. చెప్పంగనే ఆటో ఒక్కసారి ఊగింది.

ఊరు దాటిన్రు. ఒక్క ఇంట్ల దీపం లేదు. ఒక్క కుక్క మొరగలే.

బాయికాడ ఆటో ఆపిండు కరీం. ఇంజను బందువెట్టంగనే చెవులల్ల గుయ్యిమన్నది.

ఏమీ లేదు. గాలి. గడ్డి కదిలిన చప్పుడు.

తర్వాత—

"జర... చెయ్యియ్యిరి..."

సన్నగ. భూమి లోపలికెల్లి.

కరీం పెదవులు కదులుతున్నయి, దువా సదువుతున్నడు. కురుమయ్య అమీనా రెక్క పట్టుకున్నడు. "పలుకకు బిడ్డా. పలుకితే..."

"ఎవరు?" అని ఒర్లింది అమీనా. "నీ పేరేంది?"

పిలుపు ఆగిపోయింది.

  తప్పు చేసిన, పలుకకుండ ఉండాల్సింది, అనుకుంది అమీనా...

"గురవయ్య..." అన్నది గొంతు. "మేకల గురవయ్యను... అవ్వా, ఎవరన్న కానియ్... జర తియ్యుండ్రి..."

కురుమయ్య ఒక్కసారిగ ఏడ్చినంత పని చేసిండు. మోకు నడుముకు కట్టుకొని మెట్లు దిగిండు. పైన అమీనా బ్యాటరీ లైటు పట్టింది. కరీం మోకును ఆటో చక్రానికి తిప్పి పట్టుకున్నడు.

లైటు నీళ్ల మీద పడ్డది.

తెల్లరుమాలు. నొసట నెత్తురు. గొంతుల దాక నీళ్లు. ఒక చేత రాయి, ఇంకొక చెయ్యి పైకి.

తెర మీద సూసిందే. ఇంచు తేడా లేదు.

పైకి గుంజినంక ఆయన పండ్లు టకటక కొట్టుకుంటుండె. అమీనా తన శాలువా కప్పింది. పాలమూరు దవాఖానల డాక్టరు, "ఇంకొక గంట ఉంటే చలికే పోయేటోడు" అన్నడు.

తెల్లారి అమీనా, కురుమయ్య రొట్టె, పాలు తీసుకొని దవాఖానకు పోయిన్రు. గురవయ్య కాలుకు కట్టు కట్టి పండబెట్టిన్రు. భార్య జానమ్మ పక్కకు కూసోని, పోయిన ప్రాణం వచ్చినట్టు ఆయన చెయ్యి ఇడిచిపెడుతలేదు.

కురుమయ్య మంచం కాడ నిలవడ్డడు. రాత్రి నిద్రలేదు ఆయనకు.

"నన్ను మాఫ్ చెయ్యి అన్నా" అన్నడు. "నిన్న పొద్దున నేను ఆ బాయి ఒడ్డు మీదనే ఉన్న. నువ్వు కింద ఉన్నవ్. నేను సూడలే. ఫొటో తీసుకొని పోయిన."

గురవయ్య అర్థంగానట్టు సూసిండు. "పొద్దునా?"

"ఆఁ. పదకొండింటికి."

"పదకొండింటికి ఈయన ఊర్లనే లేడు కదయ్యా" అన్నది జానమ్మ. "నారాయణపేట సంతకు పోయిండు. నాలుగు గంటల బస్సుకు దిగిండు. నేనే అన్నం పెట్టిన."

"అవ్" అన్నడు గురవయ్య. "పొద్దూకంగ మేకలు తోలుకొస్తుంటే ఒక మేకపిల్ల బాయి మెట్ల మీదికి దిగింది. దాన్ని తేనీకి పోతే జారి నీళ్లల్ల పడ్డ, కాలు ఇరిగి మెట్లు ఎక్కరాలే. అప్పటికే మసకమసక. మీరొచ్చినప్పటికి గంటన్నరో, రెండు గంటలో అయ్యుంటది."

కురుమయ్య చేతిల రొట్టె పొట్లం అట్లనే ఉండిపోయింది.

పక్క మంచం కాడ ఎవరో దగ్గిన్రు. అమీనా గోడకు ఆనుకుంది.

గురవయ్య తలగడ మీద తల తిప్పి ఆమె దిక్కు సూసిండు.

"ఊరంత పిలిచిన బిడ్డా. ఎవ్వరు రాలే. పాలమూరుల ఉన్నదానివి... నేను ఆడ పడ్డనని నీకెవరు చెప్పిన్రు?"

అమీనా చెప్పబోయింది. ఆయన పడకముందే, పొద్దున తీసిన ఫొటో చెప్పిందని ఎట్లంటది?